పళ్లమేస్త్రి

పళ్లమేస్త్రి గిన్నెలో ప్లాస్టర్ కలుపుతున్నాడు. ఆసుపత్రి నేలమాళిగలో ఇరవై ఆరేళ్లుగా అదే పని. దవడ విరిగినవాళ్ల పళ్ల అచ్చులు పై నుంచి వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విరిగిన చోటల్లా రంపంతో కోసి, పై పళ్లకు కింది పళ్లు సరిగ్గా ఆనేలా ముక్కలను మైనంతో అతికిస్తాడు. దాని మీద తీగ వంచి పంపితే, డాక్టర్లు అసలు దవడను అలాగే కూర్చి కడతారు. ముఖాలు అతనికి గుర్తుండవు, పళ్లు మరచిపోడు. పెళ్లాం తప్పిపోతే నోరు తెరిపించి వెతుక్కుంటాడని నర్సు ఏడిపిస్తుంది.

ఈ ఉదయం వచ్చిన అచ్చు లారీ గుద్దిన మనిషిది. చీటీ మీద పేరు లేదు. కింది దవడ మూడుచోట్ల విరిగింది. కన్నతల్లి కూడా పోల్చుకోలేనంతగా ముఖం వాచిపోయిందని నర్సు చెప్పి వెళ్లింది.

రెండో ముక్క అతికిస్తుండగా అతని చేయి ఆగిపోయింది. ముందు పన్ను మూల ఏటవాలుగా విరిగి ఉంది. పాత దెబ్బ, అంచు అరిగి నున్నబడింది. దాని పక్క పన్ను కాస్త తిరిగి ఉంది.

ఆ పంటికి తగిలిన బొంగరం విసిరింది తనే, తొమ్మిదేళ్లప్పుడు. మెట్ల మీద పడ్డానని చెప్పి అమ్మ చేతి దెబ్బలు తిన్నది అన్నయ్య.

ఆ అన్నతో పదకొండేళ్లుగా మాటల్లేవు. నాన్న పోయిన రోజు, నువ్వు సరిగా చూసుకోకే పోయాడన్నాడు తను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తీసుకుందామనే అనుకున్నాడు, రేపు రేపంటూ.

తీగ లేనిదే ఆపరేషన్ జరగదు. వంచాడు, వంకరపోతే మళ్లీ వంచాడు. తనే పట్టుకుని పైకి పరుగెత్తేసరికి అన్నకు మత్తు ఇచ్చేశారు.

"మా అన్నయ్య సార్," అన్నాడు తలుపు దగ్గర.

దవడకు భయం లేదనీ, తలకు తగిలిన దెబ్బే చూడాలనీ డాక్టరు చెప్పాడు. "నోరు కట్టేస్తాం. ఆరు వారాలు మాట్లాడలేడు."

"నేను మాట్లాడతాను సార్."

ఆపరేషన్‌లో పళ్లు పళ్లకు చక్కగా ఆనాయి. అన్న కళ్లు తెరిచాక చెబుదామని మంచం పక్కనే కూర్చున్నాడు. అన్న కళ్లు తెరవలేదు. సాయంత్రం, తలలో నెత్తురు గడ్డకట్టిందని చెప్పి దుప్పటి ముఖం మీదికి లాగారు.

అతనికి ఏడుపు రాలేదు. గోళ్లలో ఎండిన ప్లాస్టర్‌ను గీకుతూ ఉండిపోయాడు.

వార్డు ఆయా వచ్చి దగ్గర నిలబడింది. "పొద్దున తెలివిలోనే ఉన్నాడయ్యా. నోరు పెగల్లేదు పాపం. కిందికి, కిందికి అన్నట్టు ఒకటే వేలు చూపించాడు. చెప్పులు అడుగుతున్నాడనుకున్నాను. ఉన్నది ఒక్కటేగా, అదే తెచ్చి దగ్గర పెట్టాను."

అతను వంగి చూశాడు. మంచం కింద, తుడిచి పెట్టిన ఒంటి చెప్పు ఉంది.