చంద్రిక పేరు మీద

పొద్దున తొమ్మిది కావస్తుంటే చంద్రిక పొయ్యి ఆర్పేసేది. కూరగిన్నె దించి మూత పెట్టి, చేతి గాజులు తీసి డబ్బాలో వేసి, నడింట్లో పరుపు పరుచుకుని గోడకు వీపు ఆనించి కూర్చునేది. అత్త యాదవ్వ వచ్చి దగ్గర్లో ఉన్న పీటనూ రోకలినీ దూరంగా జరిపేది. ఆ సందులో చాలామంది ఆడవాళ్లు ఆ వేళకు అట్లాగే కూర్చునేవాళ్లు. నల్లా దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా తీసేవాళ్లు ఉండేవాళ్లు కాదు. షేర్ మార్కెట్ తెరిచే వేళ అది.

మెదక్‌లో షేర్లు కొన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. షేరు పడితే, అది ఎవరి పేరు మీద ఉందో వాళ్లకు దెబ్బ తగులుతుంది. కొంచెం పడితే చెంపదెబ్బ, ఇంకొంచెం పడితే పిడిగుద్దు. దవాఖానలో డాక్టరు కట్టు కట్టే ముందు, "మెట్ల మీదికెళ్లి పడ్డవా, షేరు పడ్డదా?" అని అడిగేవాడు. పెరిగితే మాత్రం ఒంటికి ఏమీ కాదు. పైసలు వస్తాయి. చంద్రిక పేరు మీద ఉన్న షేర్లు పెరిగినప్పుడు ఆ పైసలు ఆమె మొగుడు రఘుపతికి వచ్చేవి.

రఘుపతికి రాందాస్ చౌరస్తా దగ్గర ఎరువుల దుకాణం ఉంది. అతను కొన్నవి హంసయాన్ హాలిడేస్ అనే కంపెనీ షేర్లు. హైదరాబాద్ కంపెనీ. టికెట్, హోటల్, తిండి, తిప్పే బస్సు, అన్నీ కలిపి ఒకటే ధర చెప్పి జనాన్ని కాశ్మీరుకు, కేరళకు, సింగపూర్‌కు తీసుకుపోయేది. రఘుపతి తను ఏ టూరుకూ పోలేదు గానీ, ఊళ్లోవాళ్లంతా ఏదో ఒకనాడు పోతారని గట్టిగా నమ్మాడు.

మొదట తన పేరు మీదే కొన్నాడు. ఒకరోజు షేరు జర జారింది. రైతులు చూస్తుండగానే రఘుపతి చెంప ఛెళ్లుమని పెదవి చిట్లింది. ఆ వారమే షేర్లు చంద్రిక పేరు మీదికి మార్చాడు.

"ఆడోళ్ల పేరు మీద ఉంటె ట్యాక్స్ కలిసొస్తది" అన్నాడు ఇంట్లో. చంద్రిక అతను చూపించిన చోట సంతకం పెట్టింది. గ్యాస్ కనెక్షన్‌కు కూడా అట్లాగే పెట్టింది అంతకు ముందు.

దుకాణంలో రోజూ దీని మీదే మాటలు నడిచేవి. శివ్వంపేటలో పొలం అమ్ముకుని షేర్లలోకి దిగిన మదన్ మోహన్ వచ్చి యూరియా బస్తా మీద కూర్చునేవాడు.

"మదనన్నా, మీరే సూడుండ్రి" అనేవాడు రఘుపతి. "ఎనుకట మనోళ్లు ఏడుపాయల జాతరకు బండి కట్టుకొని పోతె గదే పెద్ద యాత్ర. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పోరగాళ్లు లగ్గమైన తెల్లారే కేరళ పోతుండ్రు. గవర్నమెంటోళ్లకు తిరిగెటందుకు ఎల్టీసీ పైసలున్నయ్. జనం చేతిల పైసలు ఆడుతున్నయ్. తిరగకుంట ఉంటరా?"

"తిరుగుతరు, కాదంటలేను. డాలర్ పెరిగితె సింగపూర్ ప్యాకేజీ ఎవడు కొంటడు? పైనుంచి ఈ బందులు. హైదరాబాద్ దాటి బస్సే పోకుంటె టూర్ ఏడికెళ్లి పోతది? నిర్మల చెవి పగిలింది సూడు, గప్పుడే నేను అమ్మేసిన."

నిర్మలమ్మ మదన్ మోహన్ భార్య. ఆమెకు ఎడమ చెవి వినబడదిప్పుడు.

"మీరు తొందరపడ్డరన్నా" అన్నాడు రఘుపతి. "బందు అయితె టూర్ ఆగుతది, జనానికి తిరగాలన్న ఆశ ఆగుతదా? ఈ సెలవులకు పోనోళ్లు మల్ల సెలవులకు పోతరు."

చంద్రిక తమ్ముడు నగేష్ మెదక్ డిపోలో బస్సు డ్రైవర్. తెలంగాణ కోసం బందు అంటే చాలు, డిపో గేటు ముందు అడ్డంగా పడుకునే మొదటి మనిషి అతనే. బందు జరిగితే హైదరాబాద్‌లో హోటళ్లు ఖాళీ అయ్యేవి, టూర్లు ఆగిపోయేవి, హంసయాన్ షేరు పడేది. నగేష్ చౌరస్తాలో గొంతు చించుకుని అరిచిన రోజున అక్క మొహం ఇంట్లో వాచిపోయేది. ఆ సంగతి చాలాకాలం అతనికి తెలియదు. పన్ను నొప్పి అని చెప్పి చంద్రిక కొంగు కప్పుకునేది.

ఒక బందు రోజు మధ్యాహ్నం నగేష్ అన్నానికి వచ్చాడు. చారు పోస్తుంటే చంద్రిక కొంగు జారింది. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయి, చెంప మీద తోలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉంది.

"బావ కొట్టిండా?"

"లేదురా. హంసయాన్ పడ్డది. నా పేరు మీద ఉన్నయ్ గవి."

నగేష్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అంటె అక్కా, నేను బస్సులు ఆపిన దినమల్లా..."

"నువ్వు ఆపుడు బంద్ చెయ్యకు" అంది చంద్రిక. "నన్ను కొడుతున్నది నీ బందు గాదు."

అతను ఎంగిలి చేయి కడుక్కోకుండానే లేచిపోయాడు.

బందు కాబట్టి రఘుపతి షట్టరు సగం దించి లోపల కూర్చుని ఉన్నాడు. నగేష్ వంగి లోపలికి దూరి, "షేర్లు అమ్ముతవా లేదా?" అన్నాడు.

"ఏందిరా గిట్లొచ్చినవ్? నీ అక్క మీద ఇంతవరకు నేను చెయ్యి ఎత్తిన్నా? పోయి అడుగు. మా అవ్వను అడుగు."

నగేష్ అడగలేదు. బావ జుట్టు పట్టుకుని మొహాన్ని కౌంటర్ అద్దం మీద కొట్టాడు. అద్దం పగిలి రఘుపతి నుదుట్లో దిగింది. కింద పడ్డవాణ్ణి కడుపులో తన్నాడు, లేవబోతే మళ్లీ తన్నాడు. రఘుపతి పాకుతూ పోయి ఇనుప తూకంరాయి అందుకున్నాడు. నగేష్ ఒంగగానే దానితో నెత్తి మీద మోదాడు. నెత్తి చిట్లి నెత్తురు కళ్లలోకి కారింది. కళ్లు కనబడకపోయినా నగేష్ బావ గొంతు వదలలేదు. మదన్ మోహన్, పక్క దుకాణంవాళ్లు పరుగెత్తుకొచ్చి లాగేసరికి చిరిగిన బస్తాలోంచి పడిన తెల్లటి యూరియా ఎర్రగా ముద్దయింది.

"నేను చెయ్యి ఎత్తలే" అని రఘుపతి రొప్పుతూ అందరికీ చెప్పాడు. "ఎవలినన్న అడగుండ్రి. ఒక్కనాడు ఎత్తలే."

అది నిజమే.

తర్వాత సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలోంచి కదలలేదు. ఆఫీసులకు, బడులకు తాళాలు పడ్డాయి. నగేష్ తలకు కుట్లతోనే డిపో ముందు కూర్చున్నాడు. అక్క మాట గుర్తుచేసుకుంటూ కూర్చున్నాడు, లోపల మాత్రం పరేషాన్‌గా ఉంది. దసరా సెలవుల టూర్లన్నీ రద్దు చేస్తున్నట్టు హంసయాన్ వాళ్లు ప్రకటించారు.

ఆ మరునాడు పొద్దున చంద్రిక ఎప్పటిలాగే పరుపు మీద కూర్చుంది. మొదటి దెబ్బకే లేచిపోయి ఎదుటి గోడకు తగిలింది. చేయి ఎవరో వెనక్కి విరిచినట్టు మెలి తిరిగి, ఎండిన జొన్నదంటులా పెళుక్కున విరిగింది. ఊపిరి తీసుకునేలోపు డొక్కలో పడింది. టీవీలో అంకెలు ఒక్కో మెట్టు దిగుతుంటే ఆమె ఒక్కో మూలకు విసిరికొట్టినట్టు పడుతూ వచ్చింది. యాదవ్వ కేకలు పెడుతూ కోడలి మీద పడి కావలించుకుంది. దెబ్బలు యాదవ్వను దాటి కోడలికే తగిలాయి. అవి పేరు చూసుకుని వచ్చే దెబ్బలు. ముసలామె ఒంటి మీద గీత పడలేదు. ఆమె రెండు చేతుల మధ్యే చంద్రిక డొక్క ఎముకలు విరిగాయి, ఆ విరగడం యాదవ్వ అరచేతులకు తెలిసింది.

సందులోవాళ్లు ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు.

రఘుపతి దుకాణం వదిలి ఉరికొచ్చాడు. మంచం పక్కన కూర్చుని నిజంగానే ఏడ్చాడు. జావ చల్లార్చి చెంచాతో తాగించాడు, మూతి తుడిచాడు. తర్వాత షేర్ల ఆఫీసు నుంచి ఫోను వస్తే కిటికీ దగ్గరికి పోయి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఇంత చౌకల మల్ల దొరకయ్. కొనుండ్రి. ఇప్పుడు కొంటెనే పాత నష్టం తగ్గుతది. సమ్మె ఎన్నాళ్లుంటది, సమ్మె అయినంక జనం ఆగుతరా... ఏ పేరంటె ఏంది సార్? చంద్రిక పేరు మీదనే."

యాదవ్వ మంచం కింద నేల మీద పడుకుని ఉంది. నిద్రపోలేదు.

మరునాడు ఆమె స్నానానికని ఇంటికి పోయి, షేర్లు మార్చే చీటీల పుస్తకం కొంగులో చుట్టుకుని తెచ్చింది. రఘుపతి దుకాణానికి పోయిన సమయం చూసి కోడలి పక్కన పెట్టింది.

"మీ మామ కట్టె తీసుకొని కొడుతుండె నన్ను" అంది. "నీకెన్నడు చెప్పలే. గని చెయ్యి కనబడుతుండె బిడ్డా. ఎటు దిక్కుకెళ్లి వస్తదో సూసి ఉరుకుతుంటి. నీకు ఉరికెటందుకు గూడ జాగ లేదు."

చంద్రిక పుస్తకం వంక చూసింది. "అమ్మమంటవా అత్తా?"

"నాకేం ఎర్క? నీ పేరు మీద ఉన్నయ్, నీ ఇష్టం."

చంద్రిక పుస్తకం తెరిచి చీటీలు ఒక్కొక్కటే తిప్పింది. నవ్వినా దగ్గినా డొక్క గుచ్చుకుంటోంది. ఊపిరే ఆచితూచి తీసుకుంటోంది.

"ఎవలికన్న అమ్మితె వాడు గూడ తీస్కపోయి పెండ్లాం పేరు మీద పెడ్తడు" అంది చివరికి. "ఇంకో ఇంట్ల ఇంకొకామె గోడకు కూసుంటది. నేను అమ్మను. ఎవలియి వాళ్లకే ఇస్త."

బాగున్న చేత్తో పెన్ను పట్టుకుంది. తీసుకునేవారి పేరు దగ్గర మొగుడి పేరు రాసి, కింద సంతకం పెట్టింది.

యాదవ్వ చీటీని మడిచి, "వాడు నా కడుపుల పుట్టినోడు" అంది. "గది మర్చిపోయి పోతలేను నేను." కళ్లు తుడుచుకుని షేర్ల ఆఫీసుకు నడిచింది. అక్కడ పనిచేసే అరుణ చీటీ రెండుసార్లు చదివింది.

"అవ్వా, గిది సారుకు ఎర్కనేనా?"

"షేరు పడ్డనాడు ఎర్కైతది" అంది యాదవ్వ.

అరుణ మెడ మీద కూడా పాత మచ్చ ఒకటి ఉంది. ఆమె ముద్ర వేసి చీటీ లోపల పెట్టుకుంది.

షేర్లు రఘుపతి పేరు మీదికి మారినరోజు పొద్దున, యాదవ్వ టిఫిన్ డబ్బా పట్టుకుని దుకాణానికి పోయింది. కొడుకు కుర్చీలో కూర్చుని టీవీ పెట్టుకున్నాడు. పగిలిన అద్దం స్థానంలో కొత్తది వేయించాడు. ఆమె ఆ అద్దాన్ని చూసి, తూకంరాళ్లను ఒక్కొక్కటే మూలకు జరిపి, నేల మీద ఖాళీ గోతాలు పరిచింది.

"గీడికొచ్చి కింద కూసో" అంది.

"ఎందుకే అవ్వా?"

"కూసో రా. గోడకు ఒరుగు."

రఘుపతి తల్లి మొహం చూశాడు. ఆ గోతాలు చూశాడు. రోజూ పొద్దున ఇంట్లో పరిచే పరుపు గుర్తొచ్చింది. "ఏం చేసిండ్రే మీరు?" అంటూ లేచాడు. కూర్చోలేదు. ఫోను కోసం కౌంటర్ వైపు తిరిగాడు.

మార్కెట్ తెరిచింది. దెబ్బ దవడ కింద తగిలింది. అతను ఎగిరి కౌంటర్ అద్దం మీదే పడ్డాడు. అద్దం ముక్కలైంది. దవడ పక్కకు జరిగింది, ముందుపన్ను ఒకటి నాలుక మీద ఊడిపడింది, మెడ పక్కన ఎముక టప్పున విరిగింది. గాజుపెంకుల మీద పాకుతూ ఫోను అందుకుని, నెత్తురు ఉమ్ముతూ అరిచాడు.

"అమ్ముండ్రి! ఎంతకొస్తె గంతకు అమ్ముండ్రి! మొత్తం! ఇప్పుడే!"

యాదవ్వ అతని తల ఒళ్లో పెట్టుకుని, చీరకొంగుతో నోరు అదిమి పట్టుకుంది. షేర్లు అమ్ముడుపోయాయని ఫోన్లో చెప్పిన తర్వాత గానీ అతను ఏడుపు ఆపలేదు.

చంద్రికను దవాఖాన నుంచి పంపినప్పుడు సమ్మె ఇంకా నడుస్తోంది. నగేష్ తెలిసినవాళ్ల ఆటో తెచ్చి, గుంతలు తప్పిస్తూ మెల్లగా నడుపుకుంటూ హవేలిఘనపూర్‌లో తన ఇంటికి తీసుకుపోయాడు. వరి పొట్టకొచ్చి ఉంది. చంద్రిక వాకిట్లో మంచం వేయించుకుని, పొలాల వైపు చూస్తూ పడుకునేది.

కొన్నాళ్లకు రఘుపతి వచ్చాడు. దవడకు బట్ట కట్టి ఉంది, భుజానికి పట్టీ ఉంది. బస్సులు లేక మెదక్ నుంచి నడిచే వచ్చాడు. నగేష్ లేచి నిలబడితే, చంద్రిక చేయి చూపించి కూర్చోబెట్టింది.

"అన్ని అమ్మేసిన" అన్నాడు రఘుపతి. మాట సరిగా రావడం లేదు. "ఒక్కటి గూడ ఉంచుకోలే. ఇగ ఎవలికి దెబ్బ తాకది. ఇంటికి రా చంద్రికా."

"నీకు ఎన్ని తాకినంక అమ్మినవ్?"

వాకిట్లో కోడి ఒకటి అతని కాళ్ల చుట్టూ తిరిగి పోయింది.

"ఒకటే" అన్నాడు.

చంద్రిక మంచం దిగింది. కట్టు కట్టిన చేయిని పొట్టకు ఆనించుకుని లోపలికి పోయి, ఇంకో చేత్తో చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను దవడ నొప్పికి కొద్దికొద్దిగా గుటకలు మింగాడు. ఆమె అతను తాగేదాకా నిలబడి, చెంబు తీసుకుంది.

"పొద్దు గూకకముందే పో" అంది. "బస్సులు నడుస్తలెవ్వు."

రఘుపతి కాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. తర్వాత విరిగిన భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని, వరిమళ్ల మధ్య రోడ్డు మీద మెదక్ వైపు నడవడం మొదలుపెట్టాడు. చంద్రిక చెంబు బోర్లించి, తలుపు దగ్గరగా వేసి లోపలికి పోయింది.