మామిడి ముక్క ఎరుగని జాడీ

నేను ఒక జాడీని. భుజాల దాకా ముదురు గోధుమరంగు, ఆ కింద మీగడ రంగు, ఒంటి చేత్తో ఎవరూ ఎత్తలేని బరువు. జాడీ అనగానే మీకు ఆవకాయ గుర్తొచ్చి నోరూరి ఉంటుంది. ఆ ఆశ వదులుకోండి. ఇన్నేళ్ళ బతుకులో నా కడుపులోకి ఒక్క మామిడి ముక్క కూడా రాలేదు. నేను వైను జాడీని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

గూడూరు వైపు ఒక పింగాణీ కార్ఖానాలో పుట్టాను. తొక్కి తొక్కి మెత్తబరిచిన మట్టి, తిరిగే చక్రం, ఆ తర్వాత బట్టీ. బట్టీలో నా పక్కన కాలిన జాడీలన్నీ తమలో ఏం పడుతుందా అని కలలు కనేవి. ఒకటి మాగాయ అంది, ఇంకొకటి గోంగూర అంది. నేనూ వాటితో పాటు ఉప్పూ కారం కలలే కన్నాను. లారీలో గడ్డి మధ్య కూర్చుని బిట్రగుంట సంతకు వచ్చినప్పుడు కూడా అదే నమ్మకం.

అక్కడ పూల గౌను వేసుకున్న ఒక కొత్త పెళ్ళికూతురు నన్ను వేలి కణుపుతో కొట్టి చూసింది. నేను ఖంగుమన్నాను.

"ఊరగాయకేనామ్మా?" అన్నాడు అమ్మేవాడు.

"వైనుకి మ్యాన్. క్రిస్మస్ వైనుకి."

"ఏదైతే ఏంది తల్లీ, ఊరబెట్టేదే గదా. తీసకపో."

ఆమె పేరు ఫ్లోరా. భర్త ఆల్ఫ్రెడ్ పొగబండి డ్రైవరు, ఇద్దరూ ఆంగ్లో ఇండియన్లు. ఆ రోజుల్లో బిట్రగుంట అంటే రైళ్ళ ఊరు. ఇంజన్ల షెడ్డు, బొగ్గు గుట్టలు, ఎర్ర పెంకుల క్వార్టర్లు, ఇన్‌స్టిట్యూట్ హాల్లో శనివారం డాన్సులు. ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. ఆల్ఫ్రెడ్ ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే తొట్టి నీళ్ళు నల్లబడేవి. తుడుచుకుంటూనే అడిగేవాడు, "ఇవాళ దేంతో ఏంటి ఫ్లోరీ?" అని.

ఏ వంటతో ఏ సీసా అని దానర్థం. ఫ్లోరాకు అదొక పెద్ద శాస్త్రం. ఏటా చలి మొదలయ్యేసరికి మద్రాసు పాసింజరులో నల్ల ద్రాక్ష బుట్టలు దిగేవి. కడిగి, తుడిచి, ఆరబెట్టి, చేతులతో నలిపి నాలో వేసేది. చక్కెర, గుప్పెడు గోధుమలు, లవంగాలు, దాల్చినచెక్క, చిటికెడు ఈస్టు. మూతికి గుడ్డ కట్టి, రోజూ పొద్దున చెక్క గరిటెతో కలిపేది. లోపల అంతా గుసగుసలాడుతూ పొంగేది. మొదటిసారి నాకు ఏదో రోగం వచ్చిందనుకున్నాను. తర్వాత ఆ గిలిగింతలకే అలవాటుపడ్డాను.

కొత్త వైను నూనెలో వేయించిన కరకరలాడే గులాబీ పువ్వులతో, కేకుతో. ఏడాది నిలవున్నది కొబ్బరిపాల పసుపన్నం, కైమా ఉండల కూరతో. వాన పడుతుంటే అల్లం వైను, వేడి వేడి మిరపకాయ బజ్జీలు. ఒంట్లో బాగోకపోతే మిరియాల చారు అన్నం, గోరువెచ్చగా కాచిన అర గ్లాసు. తప్పు సీసా తీస్తే ఆల్ఫ్రెడ్ చెయ్యి మీద గరిటెతో ఒక్కటి పడేది. అతను కావాలనే తప్పు సీసా తీసేవాడని నా అనుమానం.

ఆల్ఫ్రెడ్ గుండె ఆగి పోయాడు. ఆ ఏడు కూడా ఫ్లోరా వైను పెట్టింది. కలుపుతూ ఏడ్చింది, గుడ్డ కట్టాక ఏడవడం ఆపేసింది.

వాళ్ళ కొడుకు డెస్మండ్ షెడ్డులో ఫిట్టరు. అతను కావలిలో కిరాణా కొట్టువాళ్ళ అమ్మాయి వకుళను రిజిస్ట్రాఫీసులో పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆ పిల్ల పుట్టింటివాళ్ళు తలుపు మూసేశారు. ఫ్లోరా తలుపు తెరిచింది గాని నోరు తెరవలేదు.

వంటిల్లు ఒకటే, పొయ్యిలు రెండు. ఫ్లోరా బల్ల ముందు కుర్చీలో కూర్చుని కోడలికి వీపు పెట్టి తినేది. వకుళ గోడ పక్కన పీట వేసుకుని తినేది. మధ్యలో డెస్మండ్ తల్లి దగ్గర కట్లెట్టు, పెళ్ళాం దగ్గర పప్పుచారు, ఒకే పూట రెండు భోజనాలు చేసేవాడు. ఆ ఇంట్లో ఎవరి బాధ వాళ్ళు బయటికి చెప్పుకోకపోయినా, అతని పొట్ట మాత్రం చొక్కా గుండీల దగ్గర చెప్పేసింది.

ఆ ఏడు క్రిస్మస్ కాగానే జోలార్‌పేటలో ఉన్న చెల్లెలు డోరా దగ్గరికి వెళ్ళిపోతానని ఫ్లోరా కొడుకుతో అంది. మళ్ళీ రావడానికి కాదు. ట్రంకుపెట్టె సర్ది మంచం కిందికి తోసింది. ఆ మాట విన్న వకుళ నా పక్కన నిలబడి మొగుడితో అంది, "మా అమ్మ ఎట్టా రానీదు. మీ అమ్మ గూడా పోతే నాకింక ఎవురుండారు?" డెస్మండ్ ఎప్పటిలాగే తల గోక్కున్నాడు.

ఆ ఏడు తుపానుకు లైను తెగి ద్రాక్ష ఆలస్యంగా వచ్చింది. డిసెంబరు మొదట్లో ఫ్లోరా హడావుడిగా వైను పెట్టి, స్నేహితురాలి కూతురి పెళ్ళికని అరక్కోణం బయల్దేరింది. "రోజూ పొద్దున కలుపు, మర్చిపోవద్దు" అని డెస్మండ్‌తో చెప్పింది. కోడలితో చెప్పి ఉంటే ఈ కథ జరిగేదే కాదు. డెస్మండ్ సరేనన్నాడు, షెడ్డులో తుపాను పనుల్లో పడి మర్చిపోయాడు.

నేను పొంగాను. కలిపే చెయ్యి లేక తొక్కంతా పైకి లేచి, గుడ్డను ఎత్తి, నురగ పక్కలకు కారింది. వకుళ చూసి గుండె బాదుకుంది. వైను సీసాల్లో ఉంటుందని తెలుసుగాని, అది ఇలా జాడీలో పుడుతుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఊరగాయల ఇంట్లో పుట్టిన పిల్ల. జాడీ కనిపించిందంటే అందులో ఉన్నది పచ్చడే. వీళ్ళు ద్రాక్షపళ్ళతో పెట్టుకుంటారు కాబోలు అనుకుంది. పచ్చడి పొంగిందంటే ఉప్పు చాలలేదని లెక్క. వాళ్ళమ్మ చేసినట్టే చేసింది. స్నానం చేసి, తడి తగలకుండా చెయ్యి తుడుచుకుని, కల్లుప్పు గుప్పెళ్ళతో వేసింది. మెంతులు వేయించి దంచి చల్లింది. పైన తేలేలా నువ్వుల నూనె పోసి, శుభ్రంగా కొత్త గుడ్డ కట్టి నాకు దణ్ణం పెట్టింది.

ఓసి పిచ్చిపిల్లా అని అరవాలనిపించింది. మాకు నోరుంది, గొంతు లేదు. ఇన్నాళ్ళకు ఉప్పు రుచి చూస్తున్నానని మూలన ఎక్కడో కాస్త సంతోషం కూడా కలిగింది, దాచడం దేనికి.

ఫ్లోరా తిరిగొచ్చి, గౌను కూడా మార్చుకోకుండా గుడ్డ విప్పింది. నూనె వాసన మొహాన కొట్టింది.

"ఎవరు ముట్టుకున్నారు?"

వకుళ కొంగు సవరించుకుని ముందుకొచ్చింది. పొగుడుతుందనే అనుకుంది పాపం. "నేనే అత్తా. పొంగిపోయుండాది. ఉప్పేసి, మెంతిపిండేసి నిలబెట్టినా. ఇంకేం గాదులే."

ఫ్లోరా స్టూలు మీద కూలబడింది. "ఆల్ఫ్రెడ్ పోయిన ఏడు కూడా నా వైను చెడిపోలేదు" అంది. గొంతు పెంచలేదు. వైను అన్న మాట విన్నాక వకుళకు విషయం తలకెక్కింది.

"నాకు తెలవదత్తా. మా ఇంట్లో జాడీ పొంగిందంటే ఆ ఇంటి పెద్దామెకు కీడంటారు. నువ్వు ఊళ్ళో లేవు, రైల్లో పొయ్యుండావు. నీకేమన్నా అయితాదేమోనని నాకు చేతులాడలేదు."

ఫ్లోరా కోడలి వైపు తిరిగింది. "నాకు ఏమన్నా అవుతుందనా?" అని అడిగింది. వకుళ తలూపింది. ఏడుపు ఆపుకోవడం ఆ పిల్ల వల్ల కాలేదు.

ఫ్లోరా లేచి గరిటెతో పైన నూనె తీసేసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. మొహం వంకర పెట్టింది. ఇంకో చుక్క వేసుకుంది. ఈసారి వంకర కాస్త తగ్గింది.

"పులుపుంది, ఉప్పుంది. ఈ చేదు ఏంటి?"

"మెంతులు."

"నాకు వెనిగర్ కూర తెలుసు. మెంతుల కూర తెలీదు." వాకిట్లోకి చూసి, "డెస్మండ్! కోడి తీసుకురా మ్యాన్" అని కేకేసింది. "ఇది పారబొయ్యను. చింతపండు బదులు పోసి వండుదాం. ఎంత పొయ్యాలో, ఎంతసేపు ఉడకాలో నువ్వే చెప్పాలి చైల్డ్."

అలా ఒక పొయ్యి మీద ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకరు ఉల్లిపాయలు ఎర్రబడాలంటే, ఇంకొకరు మాడతాయన్నారు. ధనియాలు ఎక్కువన్నారు, తక్కువన్నారు. అన్నాళ్ళూ దాచుకున్న మాటలన్నీ ఆ కోడి మీదే ఖర్చుపెట్టారు.

క్రిస్మస్ నాడు వాళ్ళ బల్ల మీద కొత్త వైను లేదు. ఫ్లోరా నిలవ సీసా ఒకటి తీసి, మళ్ళీ వండిన ఆ కోడి పులుసుతో, వకుళ వేసిన గారెలతో పెట్టింది. పక్కన ఒక కుర్చీ లాగి కోడలికి చూపించింది. వకుళ కుర్చీలో కూడా పీట మీద కూర్చున్నట్టే కాళ్ళు మడుచుకుని కూర్చుంది. ఫ్లోరా గారె ముక్క పులుసులో అద్దుకుని తిని, ఒక గుటక వేసి, కళ్ళు సగం మూసింది. "దీనికి ఇదే" అంది. ట్రంకుపెట్టెలోంచి పొద్దున తీసిన మంచి బల్లగుడ్డ మళ్ళీ దాంట్లోకి వెళ్ళలేదు. మిగతా బట్టలు కూడా ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

ఆ తర్వాతి ఏళ్ళు నా బతుకులో మంచి ఏళ్ళు. ఫ్లోరా శాస్త్రంలోకి కొత్త వంటలు చేరాయి. మామిడికాయ వేసిన చేపల పులుసు వండిన రోజు దాంతో వైను దండగ, పులుసు ఊరాక మర్నాడు తాగాలి. చేగోడీలకు అల్లం వైను. పప్పుచారు, వడియాలకు తీపి తగ్గిన పాత సీసా. వకుళ గ్లాసు ఎన్నడూ ముట్టలేదు, ఫ్లోరా ఎన్నడూ బలవంతపెట్టలేదు. వడ్డించి, అత్త మొహం చూసేది. కళ్ళు సగం మూసుకుంటే వంట కుదిరినట్టు.

పొగబండ్లు పోయాయి. షెడ్డు మూతపడింది. పక్క క్వార్టర్లవాళ్ళు మద్రాసుకని, ఆస్ట్రేలియాకని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇన్‌స్టిట్యూట్ హాలుకు తాళం పడింది. ఒక నవంబరులో డోరా వచ్చింది. అప్పటికే ఫ్లోరాకు మోకాళ్ళు పట్టేశాయి. "మనవాళ్ళెవరూ లేని ఊళ్ళో ఏం చేస్తావు? నాతో వచ్చెయ్" అంది డోరా. ఫ్లోరా నా వైపు చెయ్యి చూపించింది. "వచ్చే ఆదివారం ఇది వడగట్టాలి. గుడ్డ రెండో పక్క ఎవరు పట్టుకుంటారు?" డోరా ఒంటరిగానే రైలెక్కింది.

ఇప్పుడు నేను కావలిలో డెస్మండ్, వకుళల అద్దె ఇంటి వసారాలో ఉన్నాను. అడుగున సన్నగా బీట పడింది, ఇక నాలో ఏమీ నిలవదు. పాతసామాను వాడు రెండుసార్లు బేరమాడాడు, వకుళ తరిమేసింది. అలికిడి లేని మధ్యాహ్నాల్లో అవీ ఇవీ తలుచుకుంటాను. ఎక్కువగా ఒక్క రోజే గుర్తొస్తుంది.

ఫ్లోరా చివరిసారి ద్రాక్ష నలిపిన ఏడు అది. వైను ఇంకా నాలో పొంగుతుండగానే ఆమె నిద్రలో పోయింది. సమాధుల తోటలో ఆల్ఫ్రెడ్ పక్కన పెట్టి వచ్చారు. ఆదివారం వచ్చింది. వకుళ తెల్లగుడ్డ ఉతికి తెచ్చింది. "నేను పట్టుకుంటాలే" అన్నాడు డెస్మండ్. "వద్దు" అంది. గుడ్డ రెండు కొసలు ఫ్లోరా కుర్చీ చేతులకు ముడివేసి, మిగతా రెండూ తను పట్టుకుని, కింద గిన్నె పెట్టి, అతన్ని నన్ను వంచమంది. మెల్లగా వడగట్టింది.

తర్వాత మిరియాల చారు కాచి, అన్నంలో కలిపి, కంచం ఆ కుర్చీ ముందు పెట్టింది. గ్లాసులో వైను పోసి పక్కన పెట్టింది. అలవాటుకొద్దీ అత్త మొహం కోసం తలెత్తి చూసింది.

"ఇన్నేళ్ళూ నీ మొహం జూసే వండినా గదత్తా. ఇప్పుడు ఎవురి మొహం జూడాల?"

కాసేపటికి కంచం తన వైపు లాక్కుంది. ఒక ముద్ద తింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, జీవితంలో మొదటిసారి ఒక గుటక వేసింది. కళ్ళు సగం మూసుకుంది.

"సరిపోయుండాదత్తా" అంది.