ఎడమవైపు ముడి

కొత్త బొమ్మ మీద కప్పిన దుప్పటి తీయగానే చర్చిలో ఆడవాళ్లు చూసింది అందులోని భక్తుణ్ణి కాదు. అతని ముందు నిలబడ్డ ఆడమనిషి ముఖానికి చుట్టుకున్న తువ్వాలుని.

"కొండమ్మే!" అంది సువార్తమ్మ. "ఎడమ చెవి కింద ముడి. అట్టా ఇంకెవరు కడతారు?"

మిరపకోతల్లో ఘాటుకు అందరూ ముఖాలు చుట్టేసుకుంటారు. కళ్లు తప్ప ఏమీ కనపడవు. ఏ సాలులో ఎవరున్నారో ముడిని బట్టే పోల్చుకోవాలి. అందరి ముడీ మెడ వెనక ఉంటుంది. తెగిన చెవితమ్మె కనపడకుండా కొండమ్మ మాత్రం ఎడమపక్కకి వేసుకుంటుంది.

బొమ్మ వేసింది ఆమె కోడలు ఆరాధన, సత్తెనపల్లిలో డ్రాయింగ్ టీచరు. భక్తుడికి కళ్లు లేవు. ఒళ్లంతా ఒకటే ఎరుపు. వెనక ఎడారికి బదులు మిరపకాయలు ఆరబోసిన కల్లం. ఎడారిలో ప్రార్థన చేసుకునే భక్తుణ్ణి సాతాను ఆడవేషంలో వచ్చి శోధించాడని, ఆశపెట్టి పరీక్షించాడని పాస్టరు నతానియేలు గారు అప్పుడే వివరించి ఉన్నారు.

"అయితే సాతాను మన కొండమ్మన్నమాట," సువార్తమ్మ గొంతు పెంచింది. "పాస్టరమ్మగారు పురిటికెళ్లినప్పుడు అయ్యగారికి క్యారేజీ మోసింది కూడా ఈవిడేగా!"

చాపల మీద నవ్వులు లేచాయి. పాస్టరు గారు చెమట తుడుచుకున్నారు.

"ఆవిడ సాతాను కాదండీ," అంది ఆరాధన. "చేతిలో చెంబు చూడండి. దాహానికి నీళ్లు తెచ్చింది. ఆ భక్తుడే ఆవిణ్ణి సాతాను అనుకుంటున్నాడు. ఆయనకొచ్చిన శోధన అదే."

"చెంబా అది? సొరకాయనుకున్నా," అన్నాడు సంఘపెద్ద జక్రయ్య. "బైబిల్లో లేనోణ్ణి తెచ్చావు. గుడ్డోణ్ణి చేశావు. పైగా తప్పూ ఆయనదేనా?"

"గొడవెందుకు?" పాస్టరు గారు ఆరాధన వైపు చూడకుండా అన్నారు. "ఆ ముడి చెరిపేసి మెడ వెనక్కి వెయ్యమ్మా. సరిపోతుంది."

ఆరాధన బ్రష్షు తీసింది.

"కింద పెట్టు." కొండమ్మ లేచి వచ్చింది. "చెరిపితే నేనేనని ఒప్పుకున్నట్టే. రేపు కోతలో ఒక్కతన్నా నా పక్క సాలు పడుతుందా?" సువార్తమ్మ వైపు తిరిగింది. "ఏమే, వంతులేసుకుని వండలా మనం? నీ వంతు రోజు నీ పప్పు కూడా నేనేగా మోసింది? చర్చి పక్క ఇల్లని నా నెత్తిన పెట్టింది మీరు కాదూ?"

సువార్తమ్మ కొంగు సర్దుకుంది.

"అయ్యగారూ, తిన్నది మీరు. గుమ్మం దాటి నేనెప్పుడన్నా లోపలికొచ్చానా? చెప్పండి."

పాస్టరు గారు జక్రయ్య వైపు చూశారు. జక్రయ్య గడియారం చూసుకున్నాడు. "ప్రార్థన చేసుకుని ముగిద్దాం," అన్నారు పాస్టరు గారు చివరికి.

కొండమ్మ ఆగలేదు. బొమ్మను గోడ మీంచి దించి, అందరికీ కనపడేలా బయటికి తిప్పి చంకన పెట్టుకుని మెట్లు దిగింది. ఆరాధన వెనకే పరుగెత్తింది.

"అత్తయ్యా, నేను పట్టుకుంటా."

"నువ్వు చేసింది చాలు. నీకింకో ముడి దొరకలేదా?"

"రోజూ మీరు కట్టుకోవటమే చూస్తున్నా. నాకు తెలిసింది అదే."

"తెలిస్తే అడగొద్దూ?" కొండమ్మ వీధి మధ్యలో ఆగి, బొమ్మను రెండో చంకకి మార్చుకుంది. "మన వసారాలో మేకు కొట్టు. ఎవరికేం అర్థమైందో నా ఎదట నిలబడి చెప్పమను. నువ్వు మాత్రం నాలుగు రోజులు నాతో మాట్లాడబాక."