మధ్యలో ఆడే మనిషి

చల్లపల్లి ఏసుపాదం 1981లో స్కాలర్‌షిప్ మీద ఇంజనీరింగ్ చదవడానికి సోవియట్ దేశం వెళ్ళాడు. అక్కడ వొరోనెజ్ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకి మిడ్‌ఫీల్డర్ తక్కువయ్యాడు. ఏసుపాదాన్ని తీసుకున్నారు. ఆరేళ్ళు ఆడాడు. మొత్తం రెండు గోల్స్ కొట్టాడు. వాటిలో ఒకటి సొంత జట్టు మీదే. కోచ్ ఆరేళ్ళూ అతన్ని "ఇండియా" అనే పిలిచాడు.

తిరిగొచ్చి కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగంలో చేరాడు. అక్కడందరూ క్రికెట్ ఆడేవారు. ఏసుపాదం స్కోరు రాసేవాడు. రిటైరయ్యాక, జిల్లా మహిళల ఫుట్‌బాల్ జట్టుకి మేనేజర్ కావాలంటే దరఖాస్తు పెట్టాడు. పెట్టింది అతనొక్కడే.

రెండో ఏడు ఆ జట్టు రాష్ట్రస్థాయి ఫైనల్‌కి చేరింది. అంతా మిడ్‌ఫీల్డర్ అంకాలమ్మ చలవ. ఆ అమ్మాయి పొద్దున బందరులో తండ్రితో కలిసి చేపలమ్మి, తరువాత ప్రాక్టీసుకి బస్సెక్కేది. ఫైనల్‌కి వారం ముందు రావడం మానేసింది. తండ్రి వద్దన్నాడట. ఏసుపాదం బందరు పక్కన గిలకలదిండిలో వాళ్ళింటికి వెళ్ళాడు.

తండ్రి కాశీరావు వల బాగుచేసుకుంటున్నాడు.

"ఆదివారం ఫైనలండీ," అన్నాడు ఏసుపాదం.

"ఆదివారమే మాకు బేరం సారూ. ఇన్నాటలాడింది, ఒక్క గోలన్నా కొట్టిందా?"

"లేదండీ."

"పోనీ అవతలోళ్ళది ఆపిందా?"

"అది గోల్‌కీపర్ పనండీ."

"మరి మా పిల్ల చేసేదేంటి?"

ఏసుపాదం ఆలోచించాడు. "వెనకోళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందోళ్ళకిస్తుందండీ."

"అంటే దళారీ."

"అంతేనండీ."

కాశీరావు వల పక్కన పెట్టాడు. "దళారీ లేకపోతే బజారే లేదు కదా. ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

ఆదివారం విజయవాడలో ఆట. అరగంటకి అంకాలమ్మ చీలమండ బెణికింది. కుంటుతూనే ఆడింది. హాఫ్‌టైమ్‌కి చీలమండ వాచింది. అప్పటికి స్కోరు సున్నా, సున్నా.

"ఇంకో ముప్పావుగంట లాగించండి," అన్నాడు జట్టు కమిటీ సభ్యుడు సంజీవరావు. "కప్పు మనదే."

"కాలు ఆ అమ్మాయిదండీ," అని ఏసుపాదం ఆమెను దించేశాడు.

ఆ తరువాత ముందున్నవాళ్ళకి బంతి అందలేదు. జట్టు రెండు గోల్స్ తేడాతో ఓడింది. తిరుగు బస్సులో సంజీవరావు బెంజ్ సర్కిల్ దాకా తిడుతూనే ఉన్నాడు.  ఏసుపాదం ఇంటికెళ్ళాక భార్య అమలమ్మ అన్నం పెడితే, ఆకలి లేదని లేచిపోయాడు.

మూడు వారాలకి అంకాలమ్మ ప్రాక్టీసుకి వచ్చింది. నేరుగా ఏసుపాదం దగ్గరికే వెళ్ళింది.

"నన్ను తీసెయ్యకపోతే గెలిచేవాళ్ళం సార్."

"గెలిచేవాళ్ళమేనమ్మా."

ఆ జవాబు ఆమె ఊహించలేదు. "మరెందుకు తీసేశారు?"

"వచ్చే ఏడు కూడా నువ్వు ఆడాలి కదా."

"వచ్చే ఏటికి మా నాన్న ఏమంటాడో మీకేం తెలుసు?"

ఏసుపాదం వంగి ఆమె చీలమండ వాపు తగ్గిందో లేదో చూశాడు. అంకాలమ్మ బూట్లు బిగించుకుని మైదానంలోకి నడిచింది.