అమీర్ బీ తిప్పిన నంబరు

గుంతకల్లులో ప్రశాంతి వాళ్ళ ఇంటి వెనక భాగాన ఒక గది ఉంది. మంచం వేస్తే ఇక మనిషి తిరగడానికి చోటుండని గది. అందుకే అందులో మంచం వేయలేదు. కిటికీ కింద పొడుగాటి బల్ల ఒకటి, దాని మీద అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డులు, సోల్డరింగ్ ఐరన్, పొట్ట విప్పిన ఫోన్లు, రంగురంగుల తీగలు. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి ఇంటికి వచ్చి, ఇన్ని టీ నీళ్ళు తాగి ఆ గదిలో దూరిందంటే, వంట వేళకు గానీ ప్రశాంతి బయటికి వచ్చేది కాదు.

ఆమె చేసేవన్నీ ఎవరికీ అక్కర్లేని పనులే. మిద్దె మీది నీళ్ళ ట్యాంకు నిండగానే ఒక బోర్డు చేత పాట పాడించింది. అది కోడి కంటే ముందే లేచి గొంతెత్తేసరికి వీధి వీధంతా ఉలిక్కిపడి కూర్చుంది. ఆ తర్వాత పాట తీసేసి చిన్న ఎర్ర లైటు పెట్టుకుంది. అయినా ఆమె సరదా తగ్గలేదు. భర్త వీరేష్ గూడ్సు బండికి లోకో పైలట్. డ్యూటీ దిగి వచ్చి, బల్ల మీద కొత్తగా ఏం మిణుకుమంటోందో చూసి నవ్వుకునేవాడే తప్ప ఏమీ అనేవాడు కాదు.

ఆయన నిలబడి ఆరా తీసింది ఒక్క లైనక్స్ ఫోను విషయంలోనే. బెంగుళూరులో ఇదే పిచ్చి ఉన్న జయరాం అనే స్నేహితుడు, తెర పగిలిపోయిన తన ఫోనును పారేయలేక ప్రశాంతికి కొరియర్ చేశాడు. ఆమె దాన్ని పసిబిడ్డను విప్పినట్టు పొట్లంలోంచి విప్పుతుంటే వీరేష్ అడిగాడు.

"దీంట్లో కాల్ పోతాదా?"

"ఒక్కోసారి పోతాది."

"అవతల మాట వినపడతాదా?"

"ఒక్కోసారి."

"మల్ల దేనికిది?"

"మామూలు ఫోన్లో కంపెనీ వాళ్ళు ఏం పెట్టింటే అదే మనకు గతి. దీంట్లో అట్ల కాదు. లోపల ఏం రాసినారో మొత్తం తెరిచి చూడొచ్చు, నచ్చకుంటే మార్చుకోవచ్చు. మనం చెప్పినట్ల వింటాది."

వీరేష్ కాస్త ఆలోచించాడు. "పోనీలే, ఇంట్లో చెప్పినట్ల వినేది ఒగటన్నా ఉండాది," అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

ఆ ఫోను బల్ల మీద ఏ పనీ లేకుండా పడి ఉన్న రోజుల్లోనే ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటి అమీర్ బీ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఏ స్టేషన్‌కు ఏ ఆఫీసును కలపాలన్నా ఆమె గొంతు దాటుకునే పోవాలి. ఇప్పుడు కళ్ళు బాగా మసకబారాయి. వెలుగూ నీడా తప్ప పెద్దగా కనపడవు. గొంతు మాత్రం అలాగే ఉంది, కంచు గంటలా.

"బేటీ, నువ్వు ఏందేందో చేస్తావంట గదా. నాకొక ఫోను చేసియ్యి," అంది కుర్చీ తడుముకుని కూర్చుంటూ.

"అస్లామన్న తెచ్చిచ్చినాడు గదా అవ్వా, పెద్ద ఫోను?"

"అది ఫోనా? అద్దం. యాడ ముట్టుకున్నా నున్నగనే ఉంటాది. దాంతో మాట్లాడు, అదే కలుపుతాది అంటాడు మావాడు. నాగలక్ష్మికి కలపమంటే ఎవరో నాగరాజుకు కలిపింది. నేనట్ల కలిపింటే ఆ దినమే నా ఉద్యోగం ఊడిపోయుండేది."

ప్రశాంతి నవ్వు ఆపుకోలేకపోయింది. గుండీల ఫోను కొనిస్తే సరిపోదా అంటే, అదీ చూసిందట. గుండీలు చింతగింజలంత కూడా లేవట. ఒకటి నొక్కితే పక్కది కూడా దిగుతోందట.

"మల్ల ఇప్పుడెట్ల మాట్లాడతాండావు?"

"ఎవరో ఒగరు కలిపిచ్చి పక్కనే కూచుంటారు." అమీర్ బీ గొంతు తగ్గించింది. "నాగలక్ష్మి, నేను ఎక్స్ఛేంజిలో ముప్పై ఏండ్లు ఒగే బోర్డు ముందర పక్కపక్కన కూచున్నోళ్ళం. ఇప్పుడు ఆమె కంబదూరులో కూతురింట్లో ఉండాది. మేం మాట్లాడుకునేవి కొడుకు ముందర, కోడలు ముందర మాట్లాడేవా? రైల్వే డివిజనంతా కలిపిన దాన్ని. నా ఒక్క నంబరు నేను తిప్పుకోలేనా?"

ఆ మాట ప్రశాంతికి సూటిగా తగిలింది. ఇన్నేళ్ళలో ఆమెను ఎవరైనా 'ఇది చేసిపెట్టు' అని అడగడం అదే మొదటిసారి.

"తిప్పే ఫోను మీ ఇంట్లో యాడన్నా ఉండాదా అవ్వా?"

ఉంది. ట్రంకు పెట్టెలో పాత దుప్పట్లో చుట్టి పెట్టిన నల్లటి టెలిఫోను. ఎత్తితే చెయ్యి లాగేసేంత బరువు. అమీర్ బీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, డయల్ రంధ్రాల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. తర్వాత తొమ్మిది దాకా వేలు జారకుండా తిప్పి వదిలింది. డయల్ గరగరలాడుతూ వెనక్కి తిరిగింది.

"ఇదుండాది చూడు, ఇది ఫోనంటే," అంది.

ఆ సాయంత్రం నుంచి ప్రశాంతికి తిండి ధ్యాస కూడా లేదు. ఆలోచన చాలా తేలిగ్గా తోచింది. పాత డయల్ వెనక్కి తిరిగేటప్పుడు మూడు తిప్పితే మూడు టక్కులు, ఏడు తిప్పితే ఏడు టక్కులు కొడుతుంది. ఆ టక్కులను చిన్న బోర్డు లెక్కపెట్టి అంకెలుగా మార్చాలి. పది అంకెలు చేరగానే లైనక్స్ ఫోనుకు అందించాలి. ఆ ఫోను కాల్ చేయాలి. తెర పగిలితేనేం, ఇక్కడ తెరతో పనే లేదు. మాట వినడానికీ మాట్లాడడానికీ నల్ల ఫోను రిసీవరే. దానిలోని పాత మైకు తీసేసి కొత్తది పెట్టి, ఆ తీగలను ఫోనులో హెడ్‌ఫోన్ గుచ్చే చోట కలిపితే చాలు. మామూలు ఫోనైతే తన పని ఇంకొకరు చెబితే చేయడానికి అంత సులువుగా ఒప్పుకోదు. ఈ ఫోను ఒప్పుకుంటుంది.

ఆలోచన తేలిగ్గానే ఉంది. పని మాత్రం చుక్కలు చూపించింది. మొదట మాట వినపడింది గానీ, మనం మాట్లాడేది అవతలికి పోలేదు. ప్రశాంతి ఇంటర్నెట్‌లో ఇలాంటి ఫోన్ల వాళ్ళంతా కూడే చోట తన గోడు వెళ్ళబోసుకుంది. పోలండ్ నుంచి ఎవరో ముఖం తెలియని మనిషి, తనకూ ఇదే బాధ ఉండేదని చెప్పి, మైకు దారి మార్చే నాలుగు ప్రోగ్రాము వరుసలు రాసి పంపాడు. అవి పెట్టగానే మాట పోయింది. ఆ సంతోషంలో ఆమె వీరేష్ చెల్లెలు, కాలేజీలో చదువుతున్న అశ్వినికి ఫోన్ చేసి, చెప్పడానికి ఏమీ లేక, "భోంచేసినావా?" అని అడిగి పెట్టేసింది.

తర్వాత గంట. పాత ఫోను గంట మోగాలంటే కరెంటు గట్టిగా కావాలి, చిన్న బోర్డుకు అంత శక్తి లేదు. అందుకని బొమ్మ కారు మోటారు ఒకటి తీసి, దానికి చిన్న సుత్తి బిగించి, లోపలి రెండు ఇత్తడి గిన్నెల మధ్య కూర్చోబెట్టింది. ఫోనూ, బోర్డూ, మోటారూ అన్నీ ఆ నల్ల డబ్బా పొట్టలోనే పట్టాయి. వెనక నుంచి ఒక కరెంటు తీగ మాత్రం బయటికి వచ్చింది. పైకి చూస్తే పాత ఫోను పాత ఫోనులాగే ఉంది.

శనివారం సాయంత్రం దాన్ని మోసుకెళ్ళి అమీర్ బీ మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. కొడుకు అస్లాం బేకరీ మూసి ఇంకా రాలేదు, కోడలు షీరీన్ వంటింట్లో ఉంది. అమీర్ బీ కొంగు సర్దుకుని, రిసీవరు ఎత్తి, నంబరు చూడకుండా, తడబడకుండా తిప్పింది. ఆమెకు కంబదూరు నంబరు నోటికి వచ్చు. అవతల రింగు పోతున్న చప్పుడు రిసీవరు దాటి ప్రశాంతికి కూడా వినపడింది. ఎవరో ఎత్తారు.

"నాగలక్ష్మీ?"

"నాగలక్ష్మి ఎవరమ్మా? నేను తిప్పేష్. టమోటా మండీలో ఉండా," అంది ఒక మగ గొంతు.

ప్రశాంతికి ప్రాణం ఉసూరుమంది. అమీర్ బీ మాత్రం పెట్టేయలేదు.

"యా ఊరు నాయనా?"

"కళ్యాణదుర్గం."

"టమోటా ఎట్లుండాది ఈసారి?"

"కాయ బాగుండాది అవ్వా. మీరు యాడ్నుంచి?"

"గుంతకల్ ఎక్స్ఛేంజి," అనేసి, నాలుక కరుచుకుని నవ్వింది అమీర్ బీ. "రాంగ్ నంబరు నాయనా. మా నాగలక్ష్మికి చేయబోతే నీకు తగిలినాది. ఏమనుకోవద్దు."

రెండోసారి ఇంకా నిదానంగా తిప్పింది. మళ్ళీ తిప్పేషే ఎత్తాడు. ఈసారి ఆయనే ముందు నవ్వాడు. "దొరకలేదా అవ్వా?" అన్నాడు. మూడోసారి అమీర్ బీ, "తిప్పేషూ, నేనే మల్లా," అంటూనే మొదలుపెట్టింది.

ప్రశాంతి ఫోను లోపలి బోర్డుకు లాప్‌టాప్ తగిలించి చూసింది. అవ్వ ఏడు తిప్పితే బోర్డు ఎనిమిది అని రాసుకుంటోంది. ప్రతిసారీ అంతే. డయల్ లోపలి ఇత్తడి రేకు పాతబడింది. ఏడో టక్కు దగ్గర ఒకసారి తాకి, వణికి, మళ్ళీ తాకుతోంది. మనిషి చెవికి అది ఒక్క టక్కే. బోర్డు మరీ చురుకైంది కాబట్టి వణుకును కూడా లెక్కలో వేసుకుంటోంది.

"దొరికింది అవ్వా! తప్పు నీది గాదు, డయలుది గూడ గాదు. నా బోర్డుకు ఓపిక లేదు."

"ఓపిక నేర్పు మల్ల దానికి."

నేర్పింది. ఒక టక్కు విన్నాక కాస్త ఊపిరి తీసుకుని తర్వాతిది వినమని ఒకే ఒక్క వరుస రాసింది. అది రాసి, బోర్డును మళ్ళీ మొదలుపెట్టి, సరిగ్గా లేచిందో లేదో అని చూస్తోంది. షీరీన్ టీ తెచ్చి కింద పెడుతోంది. అప్పుడు మోగింది.

ట్రింగ్ ట్రింగ్ అని గది గోడలు అదిరేలా ఇత్తడి గిన్నెలు మోగాయి. ప్రశాంతి గంటను ఇంతవరకూ పరీక్షించనే లేదు. షీరీన్ చేతిలోని టీ సాసర్లో సగం ఒలికింది. అమీర్ బీ ఉలిక్కిపడలేదు. ఆమె ముఖమంతా విచ్చుకుంది. నడుము నిటారుగా పెట్టి, ఎక్కడా తడుముకోకుండా చెయ్యి చాచి, రిసీవరు అందుకుంది.

"హలో, గుంతకల్."

"అవ్వా, నేను తిప్పేష్‌ను. నీ నాగలక్ష్మి దొరికినాదా లేదా? లారీకి సరుకు ఎత్తిస్తాండా గానీ, మనసంతా ఆడనే ఉండాది."

షీరీన్ నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ప్రశాంతికి నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. తన చేతులతో బిగించిన బొమ్మ కారు మోటారు మొట్టమొదట మోగించింది, ఎన్నడూ చూడని మనిషి పనిగట్టుకుని చేసిన కాల్‌ను.

"ఇంకా లేదు నాయనా. ఇప్పుడే మల్లా తిప్పుతా. దొరికితే నీకు చెప్తాలే," అని అమీర్ బీ రిసీవరు పెట్టేసి, ఊపిరి పీల్చుకుని, తిప్పింది. ఏడు దగ్గరికి వచ్చేసరికి ప్రశాంతి లాప్‌టాప్ మీదికి వంగి చూసింది, ఏడు ఏడుగానే పడింది. పదో అంకె కూడా గరగరలాడుతూ వెనక్కి వచ్చి ఆగింది. రింగు పోయింది.

"ఎవరూ?" అంది ఒక ముసలి గొంతు.

అమీర్ బీ గొంతు సవరించుకుంది. తర్వాత ఆమె నోట వచ్చిన గొంతు ప్రశాంతి ఎప్పుడూ వినలేదు. నిదానంగా, స్పష్టంగా, ఎక్స్ఛేంజిలో కాల్ కలిపే ఉద్యోగపు గొంతు.

"కంబదూరు పార్టీ లైన్లో ఉండండి. గుంతకల్ మాట్లాడుతుంది."

 అవతల నుంచి ఒక్క కేక.

"అమీరూ! నువ్వేనేమే! ఎవురు కలిపిచ్చినారే?"

"ఎవురూ కలపలేదు. నేనే తిప్పినా."

"నువ్వేనా?"

"నేనే. నా వేలితో తిప్పినా నాగలక్ష్మీ. మన నల్ల ఫోను."

అటు నుంచి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని చప్పుడు. ఇటు అమీర్ బీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ప్రశాంతి కుర్చీ దగ్గరికి జరుపుకుని, మాట సరిగ్గా పోతోందా, గరగర ఏమైనా వస్తోందా అని చెవి ఒగ్గి కూర్చుంది. అమీర్ బీ రిసీవరును అరచేత్తో మూసింది.

"బేటీ."

"ఏమవ్వా, వినపడలేదా?"

"బాగా వినపడతాంది. అల్లా నిన్ను సల్లగా చూడాల. ఇంక నువ్వు పో."

"యాడికి?"

"బయటికి. షీరీన్‌ను గూడ పిలుచుకుని పో. తలుపు దగ్గరికేసి పో. మా మాటలు మాకుండాయి."

ఇద్దరూ టీ కప్పులు పట్టుకుని బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశారు. షీరీన్ వంటింట్లోకి పోయింది. ప్రశాంతి మెట్టు మీద కూలబడింది. లోపల మాటలు అర్థం కావడం లేదు గానీ, ఉండుండి కంచు గంటలాంటి నవ్వు తలుపు దాటి వస్తోంది. ఇంకా ఎండ పూర్తిగా దిగలేదు. వీధి చివర నుంచి వీరేష్ డ్యూటీ సంచి భుజాన వేసుకుని, చేతిలో పొట్లంతో వస్తూ కనిపించాడు. స్టేషన్ రోడ్డులో బొరుగుల ఒగ్గాణి, బజ్జీలు కట్టించుకుని వచ్చినట్టున్నాడు, వాసన ముందుగానే చేరింది.

"ఏంది, ఈడ కూచున్నావు? పని చేసిందా అది?"

"చేసింది."

"కాల్ పోయిందా?"

"పోయింది. వచ్చింది గూడ."

"మల్ల బయట ఏం చేస్తాండావు?"

"తరిమేసింది," అంది ప్రశాంతి, ముఖం నిండా నవ్వుతో.

వీరేష్ మూసిన తలుపు వైపు చూశాడు, లోపలి నుంచి వస్తున్న నవ్వు విన్నాడు. ఇంకేమీ అడగకుండా ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని, పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టి, మిరపకాయ బజ్జీ ఒకటి ఆమె చేతికిచ్చాడు.