పదేళ్ల తర్వాత భుజం పరీక్ష

రంగుల మేస్త్రి కుడి భుజం ఒకప్పుడు ఆయన మాట వినేది కాదు. చొక్కా తొడుక్కుంటున్నా జారేది, ఒళ్లు విరుచుకున్నా జారేది. పదేళ్ల కిందట డాక్టరమ్మ మూడు చిన్న చిల్లులు పెట్టి, సన్నటి కెమెరా దూర్చి, లోపల చిరిగిన చోట కుట్లు వేసింది. అంతే, మళ్లీ ఒక్కసారి కూడా జారలేదు. అసలు జారే అవకాశం మేస్త్రి ఇస్తేగా. మూణ్ణెల్లు చెయ్యి పైకెత్తొద్దని డాక్టరమ్మ అంటే, ఆయన పదేళ్లు ఎత్తలేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసే పనికి వెళ్తారు. గోడలు ఆయనవి, సీలింగులు భార్యవి.

ఇప్పుడు పాత రోగులు ఎలా ఉన్నారో చూస్తామని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మేస్త్రి గుండెల్లో రాయి పడింది. భుజం బాగుందని తేలిందంటే సీలింగులన్నీ తన నెత్తిన పడతాయి. మళ్లీ జారుతుందేమోనన్న భయం ఆయన్ని ఏనాడూ వదల్లేదు. ఆ సంగతి భార్యతో చెప్పడానికి నామోషీ. అందుకని దారి పొడవునా మెల్లగా మూలుగు సాధన చేశాడు.

డాక్టరమ్మ ఆయన చెయ్యి పైకెత్తి, వెనక్కి వంచింది. మేస్త్రి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తీరా చూస్తే చెయ్యి నూనె వేసిన తలుపులా తిరిగింది. ఆ ఆశ్చర్యంలో మూలగడం మర్చిపోయాడు.

తర్వాత కాగితం మీది ప్రశ్నలు. తలకంటే ఎత్తులో పని చేస్తున్నారా అంటే లేదన్నాడు. మరి సీలింగులకు రంగులెవరు వేస్తున్నారంటే, తోడొచ్చిన భార్యను గర్వంగా చూపించాడు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, ఆమెను కుడి చెయ్యి ఎత్తమంది. అది భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. ఏడాదిగా ఇంతేనట. రోలరు కర్రను ఎడం చేత్తో పైకి నెట్టుకుంటూ లాక్కొస్తోందట.

మేస్త్రికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రోజూ అదే గదిలో గోడలకు రంగు వేస్తూ కూడా ఆమె అవస్థ తను చూడలేదు. చచ్చేంత సిగ్గేసింది.

"నా భుజం ఎప్పుడో బాగైందండీ. భయమే పోలేదు," అన్నాడు. "రేపట్నుంచి సీలింగులు నేనేస్తాను."

డాక్టరమ్మ భార్యకు మందులూ వ్యాయామాలూ రాసిచ్చి, కాగితం మీద చివరి ప్రశ్నకొచ్చింది. ఆపరేషన్ ఫలితం తృప్తిగా ఉందా?

"అది మా ఆవిణ్ణి అడగండి," అన్నాడు మేస్త్రి.

భార్య మందుల చీటీని నాలుగు మడతలు పెట్టింది.

"రేపు పెద్ద హాలు పనుందండీ," అంది. "సాయంత్రం ఫోన్ చేసి చెప్తాను."