బొడ్డులో దూది

మా ఆయన ఒంటిమీద భూతద్దం పెట్టి వెతికినా ఒక్క వెంట్రుక కనిపించదు. బట్టలకి మాత్రం ఊళ్ళో వాళ్ళందరి వెంట్రుకలూ అంటుకుని వచ్చేవి. సెలూన్ నడిపే మనిషిని కట్టుకున్నాక అది తప్పదు గానీ, పెళ్ళయిన కొత్తలో పక్కమీద ఎవరివో తెల్లవెంట్రుకలు చూసి నేను నానా గోల చేశాను. ఆ దెబ్బకి ఆయన వాళ్ళ నాన్న పద్ధతి పట్టుకున్నారు. చొక్కా విప్పి మేకుకి తగిలించడం, బనియను ఛాతీ దాకా మడవడం, పొట్ట బయటపెట్టి పనిచెయ్యడం. బట్టకి అంటితే ఇంటికొస్తాయి, ఒంటికి అంటితే దులుపుకుంటే పోతాయి అనేవారట మా మామగారు. నా పక్క శుభ్రంగా ఉంది కదా అని నేనూ సంబరపడ్డాను.

పదిహేనేళ్ళ తర్వాత ఆ బనియనుకే, సరిగ్గా బొడ్డు దగ్గర, మరక కనిపించింది. పచ్చగా, అట్టకట్టి, ముక్కు మూసుకోవాల్సినంత కంపు. అడిగితే లోషను ఒలికిందన్నారు. అంత కంపు లోషనైతే ఆ కొట్టుకి ఎవరైనా వస్తారా? మూడు వారాల పాటు ఆ లోషను రోజూ అక్కడే ఒలికింది. నాకు ఒళ్ళు మండి, ఒక సెలవురోజు పొద్దున్న స్నానాలగది తలుపు తోసేశాను.

గడ్డం గీసుకునే అద్దం తొడలమీద పెట్టుకుని పీటమీద కూర్చున్నారు. బొడ్డు చుట్టూ ఎర్రగా వాచింది. లోపల్నించి రసి కారుతోంది. పటికరాయి తడిపి దానిమీద రుద్ది, గడ్డం గీశాక రాసే లోషను పోసి, మంటకి పళ్ళు బిగబట్టి, దూది ఉండచేసి లోపలికి కుక్కుతున్నారు. కత్తి గాటుకి సెలూన్లో చేసే వైద్యం. నన్ను చూసి దాచుకోబోయారు. ఇంక లాభం లేదనుకుని ఊరుకున్నారు.

“మా నాన్నకీ ఇలాగే మొదలైంది,” అన్నారు.

మామగారు కడుపులో ఏదో జబ్బుతో పోయారని మాత్రమే నాకు తెలుసు. అసలు సంగతి మా ఆయన ఆ పీటమీద కూర్చుని చెప్పారు. ఏడాది పాటు మామగారి బొడ్డులోంచి చీము కారిందట. పటిక రాసి, దూది కుక్కి, పైన గుడ్డ బిగించి కుర్చీ వెనక నిలబడేవారట. చీము కారే మనిషి చేతికి గొంతు ఎవరు అప్పగిస్తారని ఎవరికీ చూపించుకోలేదు. చివరికి పొట్ట గట్టిపడి, జ్వరం ముదిరి, పదకొండు రోజుల్లో పోయారు. పోయేముందు కొడుకుతో చెప్పింది ఒక్కటే, బయట ఎవరితోనూ అనొద్దని.

డాక్టరు దగ్గరికి పదండన్నాను. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. మా ఆయన మొండిఘటం. చూపిస్తే ఏం చెబుతారో తెలుసు, తెలిసింది మళ్ళీ విని ఏం చెయ్యాలంటారు. ఆయన లెక్కలో రసి మొదలైన దగ్గర్నుంచి తనకి ఏడాది. అందులో ఎన్ని నెలలు అయిపోయాయో నాకు చెప్పరు.

మర్నాటి నుంచీ అప్పగింతలు మొదలుపెట్టారు. కొట్టు చూసుకోవాలని మా తమ్ముడికి కబురు పెట్టారు. మా అమ్మాయి బడి కాగితాలు ఎక్కడున్నాయో నాకు రెండుసార్లు చూపించారు. గ్యాస్ బండ మార్చడం నేర్పారు. మనిషి ఎదురుగా ఉండగానే, తను లేని ఇల్లు సర్దిపెడుతున్నారు. ఆ బండ దగ్గర కూర్చుని నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆయన రాకపోతే మానె, నేనే మందుల షాపుకి వెళ్ళాను. స్నానం చేసి తడి తుడుచుకోకపోయినా, లోపల మట్టి పేరుకున్నా, ఫంగస్ పట్టినా, షుగరున్నా బొడ్డు రసి కారుతుందట. మనిషిని చూడందే ఏదీ చెప్పలేనన్నాడు షాపతను. ఒక ఆయింట్‌మెంటు ఇచ్చి, వారంలో తగ్గకపోతే డాక్టరుకి చూపించమన్నాడు. మా ఆయన నా పోరు పడలేక అది రాసుకున్నారు. కాకపోతే దూది తియ్యలేదు. దూదిమీద రాసుకున్నారు.

నాలుగోరోజు కొట్టుకి వెళ్తుంటే ఆయన ఒళ్ళు కాలిపోతోంది. నేనూ వెంటపడి వెళ్ళాను. కుర్చీలో లెక్కల మాస్టారు, ముఖమంతా నురగ. ఒక చెంప గీయడం అయింది. రెండో చెంప మీదికి వచ్చేసరికి మా ఆయన కత్తి ఆగింది. సగం గడ్డంలో ఆ కత్తి ఆగడం నేనెప్పుడూ చూడలేదు. కత్తి మడిచి బల్లమీద పెట్టి, కుర్చీ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. మాస్టారు ఒక చెంప నురగతోనే లేచి చంకలో చెయ్యివేసి పట్టుకున్నారు. మేకుకున్న చొక్కా నేను భుజాన వేసుకున్నాను. ఇద్దరం ఆటోలో పడేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వద్దనడానికి ఆయనకి ఓపిక లేదు.

డాక్టరమ్మ ముందుగా దూది తీసింది. గది నిండా కంపు కొట్టినా ముఖం చిట్లించలేదు. మత్తు సూది వేసి, చిన్నగా గాటుపెట్టి చీము వదిలించింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని, ఇంక బతకరన్న మాట ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని ఎదురుచూస్తున్నాను. ఆవిడ చిన్న పట్టకారు తీసుకుని, బొడ్డు లోతుల్లోంచి ఏదో పట్టి లాగింది. వెంట్రుకలు. కుచ్చుకుచ్చుగా వస్తూనే ఉన్నాయి. నల్లవి, తెల్లవి, రంగేసిన ఎర్రవి.

“ఇవి ఈయనవి కావే. ఏం పని చేస్తారు?” అంది.

“సెలూనమ్మా. నావి కూడా ఉంటాయి అందులో,” అన్నారు మాస్టారు, ఇంకా సగం గడ్డంతోనే.

కత్తిరించిన వెంట్రుక సూదిలా ఉంటుందని, చెమట పట్టిన బొడ్డులో దిగి అక్కడే గూడు కడుతుందని ఆవిడ చెప్పింది. పటికా, లోషనూ చర్మాన్ని ఇంకా పాడుచేశాయి. దూది చీముని బయటికి రానివ్వకుండా లోపలే మూసిపెట్టింది. మందులు వాడాలి, రోజూ కట్టు మార్పించుకోవాలి, మళ్ళీ వస్తే చిన్న ఆపరేషను. మానాక బొడ్డు రోజూ కడిగి పొడిగా తుడుచుకోవాలి, చొక్కా గుండీలు పెట్టుకుని పనిచెయ్యాలి.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ చొక్కా విప్పించింది నేనే. అయినా బతికారు, అంతే చాలు అనుకున్నాను. ఆయన ముఖంలోకి చూస్తే ఆ సంతోషం అక్కడ లేదు. పళ్ళెంలో తడితడిగా పడున్న ఆ వెంట్రుకలనే చూస్తున్నారు.

“మా నాన్నదీ ఇదేనా అమ్మా?” అని అడిగారు.

చూడని మనిషి గురించి చెప్పలేనంది డాక్టరమ్మ. కాదని మాత్రం అనలేదు.

“మీసంలో తెల్లవెంట్రుకలు పీకడానికి మా నాన్న దగ్గర ఇలాంటి పట్టకారే ఉండేది,” అన్నారాయన. “చీము కారిన ఆ ఏడాదంతా ఆయన జేబులోనే ఉంది.”

నా భుజంమీది చొక్కా జేబు తడిమి చూశాను. ఆ పట్టకారు ఇప్పుడు ఈయన జేబులో ఉంది.